పాత జిప్సీని రెండు అంగుళాలు లేపిన పద్ధతి: పదిహేడు వేలు, రెండు శని ఆదివారాలు

మా జీడిమామిడి తోట గోకవరం దాటాక తారు రోడ్డు వదిలి మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఆ మూడు కిలోమీటర్లలో రెండు వాగులు, ఒక ఎర్రమట్టి గుట్ట. గుట్ట మీద దారి మధ్యలో గుమ్మడికాయంత రాయి ఒకటి. దాని సంగతి చివర్లో చెబుతాను. బండి 1999 మోడల్ మారుతి జిప్సీ కింగ్ జీపు, కార్బొరేటర్‌ది. కొన్నప్పుడే కమాన్ పట్టీలు, అంటే బండి బరువు మోసే వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్టలు, బల్లపరుపుగా అయిపోయి ఉన్నాయి. వాగులోంచి ఒడ్డెక్కేటప్పుడు వెనక కొక్కెం నేలని దున్నేది. రెండు బస్తాల జీడిగింజలు వేస్తే చాలు, ప్రతి గోతికీ యాక్సిల్ (చక్రాల ఇరుసు) వెళ్లి బంప్ స్టాపుకి, అంటే బండి చట్రం కిందుండే రబ్బరు అడ్డుకి, ధన్‌మని కొట్టేది.

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ అని అడిగితే పట్టీలు, షాకప్‌లు అన్నీ కలిపి చెప్పిన రేటుకి ఒక ఆవు వస్తుంది. అందుకని మనమే చేసుకుందాం అనుకున్నాను. నేను మెకానిక్‌ని కాను. ముప్ఫై ఏళ్లు మోటార్లు, బోర్లకి కరెంటు పనులు చేసినవాణ్ణి. పానా పట్టుకోవడం వచ్చు, కొలవడం వచ్చు. ఈ పనికి రెండోదే ఎక్కువ కావాలి.

రాజమండ్రి ఆటోనగర్‌లో కమాన్ పట్టీల కొలిమి నడిపే పెద్దాయన బండి కింద వంగి చూసి ఒక మాటన్నాడు. "ఇది ఎత్తు పెంచే పని కాదండి బాబుగారూ, పడిపోయినదాన్ని లేపే పనండి. ముందు అది చెయ్యండి, ఆ తర్వాత ఇంకా కావాలో వద్దో మీకే తెలుస్తాది." నేను ఖర్చు పెట్టిన పదిహేడు వేలలో అన్నిటికన్నా విలువైనది ఆ మాటే, దానికి డబ్బులు తీసుకోలేదు. చివరికి బండి వెనక దాదాపు 50 మిల్లీమీటర్లు లేస్తే, అందులో 30 వరకు కొత్తగా తెచ్చిన ఎత్తు కాదు. ఇరవై ఏళ్లలో పోగొట్టుకున్నదే తిరిగొచ్చింది.

ముందు కొలవండి, పానా తర్వాత

ఎత్తుని నేల నుంచి కొలవకండి. టైర్లో గాలి తగ్గినా, టైరు అరిగినా ఆ లెక్క మారిపోతుంది. చక్రం మధ్య బిందువు నుంచి నిలువుగా పైకి, మడ్‌గార్డ్ అంచు దాకా కొలవండి. నాలుగు మూలలా కొలిచి, తేదీ వేసి రాసుకోండి. ట్యాంకు నిండా పెట్రోలు, వెనక తలుపుకి స్టెపినీ ఉండాలి. నేల చదునుగా ఉండాలి. నేను మా ఊరి రైస్ మిల్లు గచ్చు మీద పెట్టి కొలిచాను. కొలిచే ముందు బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోసి, నాలుగు మూలలా ఊపి వదలండి. లేకపోతే పట్టీలు ఎక్కడో ఒకచోట బిగుసుకుని ఉండి అబద్ధం చెబుతాయి.

మా బండి కుడిపక్క ఎడమ కంటే 14 మిల్లీమీటర్లు దిగి ఉంది. ఇరవై ఏళ్లు డ్రైవరు ఒక్కడే కూర్చుని తిప్పిన బండికి అది మామూలే. అసలు ఎత్తు ఎంత ఉండాలో తెలుసుకోవడానికి ఈమధ్యే కొత్త పట్టీలు వేయించిన ఇంకో జిప్సీని వెతికి, దాని ఓనర్ని బతిమాలి టేపు పెట్టాను. వెనక 32, ముందు 25 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అంటే అంత మేరకి నాది లిఫ్ట్ కాదు, రిపేరు.

ఈ తేడా చట్టానికి కూడా ముఖ్యం. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 బండి నిర్మాణాన్ని మార్చడం గురించే. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అరిగిన పట్టీలని అసలు ఎత్తుకి తేవడం రిపేరు. దాని పైన వేసే ప్రతి అంగుళం మార్పే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట చూసేది ఇలాంటివే. మా బండి ఎక్కువగా తిరిగేది తోట దారిలో కాబట్టి నేను అసలు ఎత్తుకి పైన కొంచెం వెళ్లాను. మీ బండి రోజూ ఊళ్లో తిరిగేదైతే అసలు ఎత్తు దగ్గరే ఆగండి. అంతకు మించాలనుకుంటే ముందు ఆర్టీఏ ఆఫీసులోనూ, పాలసీ ఇచ్చినవాళ్ల దగ్గరా అడిగి, ఆ తర్వాతే బోల్టు విప్పండి.

లిఫ్ట్ దేన్ని లేపుతుంది, దేన్ని లేపదు

జిప్సీకి ముందూ వెనకా గట్టి యాక్సిల్, నాలుగు మూలలా కమాన్ పట్టీలు. పట్టీలు యాక్సిల్‌కి కింద వేలాడుతుంటాయి. పట్టీని లేపితే పైకి వెళ్లేది ఛాసిస్ (బండి చట్రం), దాని మీదున్న బాడీ, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, సైలెన్సరు, బంపర్లు. యాక్సిల్, దాని మధ్యలో ఉబ్బుగా ఉండే గేర్ల డబ్బా డిఫరెన్షియల్, పట్టీలని యాక్సిల్‌కి బిగించే యూ-బోల్టుల కింద ప్లేట్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. వాటిని లేపేది టైరు ఒక్కటే. రాయి మీ డిఫరెన్షియల్‌కి తగులుతోందని పట్టీలకి డబ్బు పెడితే అది వృథా.

టైరు లెక్క ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. కంపెనీ టైరు 205/70 ఆర్ 15. పక్కగోడ ఎత్తు 205లో 70 శాతం, అంటే 143.5. దాన్ని రెండింతలు చేసి రిమ్ము 381 కలిపితే 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్ 15 అయితే దాదాపు 704. తేడా 36. నేల నుంచి యాక్సిల్ లేచేది అందులో సగం, 18 మిల్లీమీటర్లు. అంతే. దానికి తగ్గట్టు స్పీడోమీటరు కూడా తక్కువ చూపిస్తుంది: ముల్లు 60 దగ్గర ఉంటే మీరు నిజంగా 63లో వెళ్తున్నట్టు.

ఇంకొక్కటి. బొలెరో పికప్ లాంటి వాటికి వెనక యాక్సిల్‌కీ పట్టీకీ మధ్య ఇనప దిమ్మ పెట్టి లేపుతుంటే చూసి, జిప్సీకి కూడా పెట్టించబోయాడు మా తోడల్లుడు. అక్కడ పట్టీ యాక్సిల్ పైన ఉంటుంది కాబట్టి దిమ్మ పెడితే బండి లేస్తుంది. జిప్సీకి పట్టీ కింద ఉంది. మధ్యలో దిమ్మ పెడితే పట్టీ ఇంకా కిందకి పోయి, దానితోపాటు బండీ దిగుతుంది. ఆయనకి సిగరెట్ పెట్టెతో బొమ్మ చేసి చూపిస్తేగాని నమ్మలేదు.

పట్టీని యాక్సిల్ పైకి మార్చే పద్ధతి కూడా ఒకటుంది. ఒక్కసారే ఐదంగుళాల దాకా లేస్తుంది. కానీ యాక్సిల్ మీద కొత్త సీట్లు వెల్డింగ్ చేయాలి, స్టీరింగ్ రాడ్డు మార్చాలి, యాక్సిళ్లకి తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టులు, బ్రేకు పైపులు అన్నీ మార్చాలి. 1540 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్న బండిని అంతెత్తు లేపి మారేడుమిల్లి ఘాట్ వంపుల్లో తిప్పడానికి నాకు ధైర్యం లేదు. చేసినవాళ్లున్నారు. నేను చెప్పేది మాత్రం అది కాదు.

పట్టీలు దించడం

రెండు రోజుల ముందు నుంచే యూ-బోల్టు నట్లు, షాకిల్ (పట్టీ ఒక కొసని ఛాసిస్‌కి కలిపే, ఊగే పలకల జత) బోల్టుల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. స్ప్రే లేకపోతే డీజిల్‌లో ముంచిన గుడ్డ చుట్టండి. నేను పొద్దునే ఒకసారి, రాత్రి ఒకసారి కొట్టాను. అయినా ఒక షాకిల్ బోల్టు బుష్షు లోపల పట్టేసి, సగం రోజు మింగేసింది. చివరికి గ్రైండర్‌తో కోయాల్సి వచ్చింది. అందుకే కొత్త బోల్టులు, బుష్షులు తెచ్చి పెట్టుకున్నాకే విప్పడం మొదలెట్టండి.

వెనక పక్క ముందు చేయండి, అది తేలిక. ముందు చక్రాలకి రెండువైపులా చెక్క అడ్డాలు పెట్టి, జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. యాక్సిల్‌ని వేరుగా ట్రాలీ జాకీ మీద ఉంచండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి. సిమెంటు ఇటుకలు అస్సలు పెట్టకండి, అవి చెప్పకుండా పగులుతాయి. మొదటిసారి నేను తోటలోనే ఎర్రమట్టి మీద మొదలెట్టాను. జాకీ పాదం మెల్లగా మట్టిలోకి దిగి బండి పక్కకి ఒరిగింది. నేను బయటే ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ రోజుకి పని ఆపేసి మిల్లు గచ్చు మీదకి తెచ్చుకున్నాను. గచ్చు లేకపోతే కనీసం మందపాటి తుమ్మచెక్క పలక వేసి దాని మీద జాకీ పెట్టండి.

షాకప్ కింది బోల్టు విప్పాలి. తర్వాత యూ-బోల్టుల నట్లు. కింది ప్లేటు, దాని వెంట పట్టీ మధ్యభాగం దిగుతాయి. ఆ తర్వాత వెనక కొసన షాకిల్, చివరిగా ముందు కొసన స్థిరంగా ఉండే బోల్టు. పట్టీల కట్ట చూసేదానికన్నా బరువుంటుంది, మొహం మీద పడకుండా కింద ఇంకో మనిషి చెయ్యి ఉండాలి. రెండువైపులా ఒకేసారి దించుతుంటే యాక్సిల్‌ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు, దొర్లుతుంది, మెలితిరుగుతుంది. దాన్ని బలమైన తాడుతో ఛాసిస్‌కి కట్టండి. యాక్సిల్ బరువు బ్రేకు గొట్టం మీద మాత్రం వేలాడనివ్వకండి.

ప్రతి కట్ట మీదా సుద్దతో రాయండి: కుడి, ఎడమ, ముందు కొస ఎటు. అన్నీ గుర్తుంటాయనుకుంటాం. కొలిమి దగ్గర నాలుగు కట్టలు విప్పి పారేశాక ఏదీ గుర్తుండదు.

కొలిమి దగ్గర

నేను దెబ్బతిన్న చోటు ఇదే. ఏడాది క్రితం ఇంకో చోట ఇదే పని చేయించాను. పట్టీల్ని చల్లగా ఉండగానే దాయి మీద పెట్టి సమ్మెటతో కొట్టి వంపు తెచ్చారు. గంటలో పని, తక్కువ డబ్బులు, బండి బాగా లేచింది. నాలుగు నెలలకి ఎక్కడున్నది అక్కడికి దిగిపోయింది. చల్లగా కొట్టిన పట్టీ వంపుని ఎక్కువ కాలం నిలబెట్టుకోదు.

ఆటోనగర్ పెద్దాయన పద్ధతి వేరు. ముందు సెంటర్ బోల్టు తీసి పట్టీలన్నీ విడదీశాడు. వైరు బ్రష్షుతో తుప్పు రుద్ది, ఒక్కో పట్టీకి డీజిల్ రాసి, పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. పగులు ఉంటే లోపల దాగిన డీజిల్ పైకి వచ్చి సుద్ద మీద సన్నని గీతలా కనిపిస్తుంది. మా వెనక ఎడమ కట్టలో మూడో పట్టీకి సెంటర్ బోల్టు రంధ్రం పక్కనే ఆ గీత పడింది. దాన్ని పక్కన పడేసి వేరే పట్టీ కోయించాం. ఈ సుద్ద పరీక్ష మీరే ఇంట్లో చేసుకోవచ్చు. చేయకుండా ఏ పట్టీనీ కొలిమిలో పెట్టనివ్వకండి.

తర్వాత పట్టీ మొత్తం ఒకే రంగు వచ్చేదాకా కొలిమిలో కాల్చి, అచ్చుకి సరిపోయేలా వంచి, నూనెలో ముంచాడు. అక్కడితో ఆగితే పట్టీ గాజులా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. అందుకని మళ్లీ తక్కువ వేడి పెట్టి మెల్లగా చల్లారనిచ్చాడు. ఈ రెండో వేడే టెంపరింగ్. తొందరలో ఎగ్గొట్టేది దీన్నే. అడగండి, దగ్గర నిలబడి చూడండి. గ్యాస్ టార్చితో ఒకేచోట ఎర్రగా కాల్చి వంచే వాళ్లయితే మీ పట్టీలు మీరు తీసుకుని వచ్చేయండి. అక్కడ గుణం చచ్చి, అక్కడే విరుగుతుంది.

ఎంత వంచాలో మీరే చెప్పాలి. పెద్ద పట్టీ ఒక కన్ను (కొసన బోల్టు పట్టే రంధ్రం) మధ్య నుంచి ఇంకో కన్ను మధ్యకి దారం లాగి పట్టండి. నడిమధ్యలో దారానికీ పట్టీకీ ఎంత దూరం ఉందో కొలవండి. విప్పి ఉన్న కట్టలో ఆ దూరం ఎంత పెరిగితే బండి దాదాపు అంతే లేస్తుంది. నేను వెనక 40, ముందు 35 పెంచమన్నాను. పది వరకు దిగిపోతుందని ముందే లెక్కేసుకున్నాను. నెల తిరిగేసరికి వెనక తొమ్మిది, ముందు ఏడు దిగాయి. కుడి ఎడమ కట్టలకి ఆ దూరం రెండు మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే మళ్లీ కొలిమిలో పెట్టించండి. మొహమాటపడితే బండి జీవితాంతం ఒక పక్కకి వంగి నడుస్తుంది.

వెనక కట్టలకి ఒక్కో పట్టీ అదనంగా వేయించాను, రెండో స్థానంలో. వెడల్పు, మందం మీ పట్టీలతో సరిపోవాలి, వెర్నియర్‌తో కొలవండి. దీనివల్ల బరువు వేసినప్పుడు బండి కూర్చోదు. కానీ ఖాళీగా వెళ్లేటప్పుడు కుదుపు బాగా పెరిగింది. మా ఆవిడ ఒకసారి ఎక్కి "నేను మనిషినా, పెండలం బస్తానా" అంది. అప్పట్నుంచి గోకవరం సంతకి బస్సులోనే వెళ్తోంది. మీరు బరువు మోయకపోతే అదనపు పట్టీ వద్దు. ముందు పక్క నేనూ వేయలేదు.

షాకిల్ పెంచడం, స్టీరింగ్ పాఠం

చవకగా లేపే ఇంకో దారి పొడుగు షాకిల్. యాక్సిల్ పట్టీ మధ్యలో ఉంటుంది, షాకిల్ ఒక కొసన. కాబట్టి షాకిల్‌ని రెండంగుళాలు పొడిగిస్తే బండి లేచేది ఒక్క అంగుళమే. ఈ సగం లెక్క తెలియక చాలామంది ఆర్నెల్లకో షాకిల్ మారుస్తుంటారు. నేను వెనక 25 మిల్లీమీటర్లు పొడిగించాను, 12 లేచింది. దానికన్నా పొడుగైతే బండి పక్కలకి ఊగుతుంది, షాకిల్ తిరగబడే ప్రమాదం కూడా ఉంది.

పాత షాకిల్ కంటే పలచని రేకు వాడకండి. రంధ్రాలు డ్రిల్లుతోనే వేయించండి, గ్యాస్‌తో కాల్చిన రంధ్రం గుండ్రంగా రాదు, బోల్టు ఆడుతుంది. రెండు పలకల మధ్యలో అడ్డంగా ఒక గొట్టం ముక్క వెల్డింగ్ చేయిస్తే మెలితిరగవు. బోల్టు తల మీద బలం గుర్తుగా 8.8 గానీ 10.9 గానీ అని అచ్చు ఉండాలి. ఏ అంకె లేని బోల్టు గేటుకి వాడుకోండి, బండికి కాదు.

ముందు షాకిళ్ల జోలికి వెళ్లకండి. నేను వెళ్లాను. జిప్సీకి ముందు పట్టీల షాకిల్ ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడిగిస్తే పట్టీ ముందు కొస కిందకి వంగి, దానితో యాక్సిల్ పైభాగం ముందుకి తిరుగుతుంది. స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రావడానికి కారణమైన కాస్టర్ కోణం అలా తగ్గిపోతుంది. సైకిల్ హ్యాండిల్ వదిలేసినా తిన్నగా పోతుందే, ఆ గుణం. తోట దారిలో ఏమీ తెలియలేదు. కొవ్వూరు వంతెన మీద 60 దాటేసరికి బండి తాగినవాడిలా అటూ ఇటూ పోవడం మొదలెట్టింది. వెనక లారీ, పక్కన గోదావరి. అవతలి ఒడ్డుకి చేరేదాకా ఊపిరి బిగబట్టే నడిపాను. మర్నాడే పాత షాకిళ్లు మళ్లీ పెట్టేశాను.

ముందు పట్టీలకి వంపు మాత్రమే పెంచితే ఈ కోణం పెద్దగా మారదు. అయినా చూసుకోండి. విప్పకముందే యాక్సిల్ మీద చదునైన ఒకచోట ఫోన్‌లోని కోణం కొలిచే యాప్ పెట్టి అంకె రాసుకోండి, బిగించాక మళ్లీ అక్కడే పెట్టండి. తగ్గితే పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య ఉక్కు వెడ్జ్ పెట్టి సరిచేయవచ్చు. లావు వైపు బండి ముందుకి ఉండాలి. అల్యూమినియంవి నలుగుతాయి. వెడ్జ్ మందాన్ని బట్టి సెంటర్ బోల్టు కూడా పొడుగుది వేయాలి, లేకపోతే దాని తల యాక్సిల్ రంధ్రంలో సరిగ్గా కూర్చోదు. ఇంకో చిక్కు కూడా ఉంది: కాస్టర్ సరిచేస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడుతుంది. అందుకే రెండు డిగ్రీలకి మించి వెళ్లొద్దు.

వెనక షాకిల్ వెనక కొసన ఉంటుంది కాబట్టి అక్కడ పొడిగిస్తే డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది. మా బండికి ఫోన్ యాప్‌లో డిగ్రీన్నర వచ్చింది. ప్రొపెల్లర్ షాఫ్టుకి రెండు కొసలా ఉన్న క్రాసుల (మడత కీళ్ల) కోణాలు సమానంగా ఉంటేనే అది వణకకుండా తిరుగుతుంది. డిగ్రీన్నరకి నాకు తేడా తెలియలేదు. మీకు 40, 50 వేగంలో సీటు కింద గుర్రుమని వణుకు వస్తే, ముందు క్రాసులు అరిగాయేమో చూసి, ఆ తర్వాత కోణం సంగతి చూడండి.

బిగింపు

యూ-బోల్టులు కొత్తవే వేయండి. ఒకసారి బిగించి సాగినవి మళ్లీ ఆ పట్టు ఇవ్వవు. ఎనిమిది కలిపి నాకు పదహారు వందలు అయింది, దీంట్లో మిగుల్చుకోవాలని చూడకండి. సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటులోని రంధ్రంలో కూర్చుందని వేలితో తడిమి చూశాకే నట్లు పెట్టండి. ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా, టార్క్ పానాతో, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించండి. టార్క్ పానా లేకపోతే ఒక్క రోజుకి అద్దెకి అడగండి, ఆటోనగర్‌లో ఇస్తారు.

షాకిల్ బోల్టులు, ముందు కొస బోల్టులు మాత్రం చక్రాలు గాల్లో ఉండగా గట్టిగా బిగించకండి. చేత్తో తిప్పినంత చాలు. బండిని కిందకి దించి, నాలుగు సార్లు ఊపి, బరువు పట్టీల మీద కూర్చున్నాక అప్పుడు బిగించండి. గాల్లోనే బిగిస్తే బండి దిగినప్పుడు రబ్బరు బుష్షులు మెలిపడి ఉండిపోతాయి, నెలల్లోనే చిరుగుతాయి, ఎత్తు కూడా తప్పుగా నిలుస్తుంది.

షాకప్‌లకి ఒక పరీక్ష. ఛాసిస్‌ని లేపి, షాకప్ విప్పి ఉండగా చక్రాన్ని పూర్తిగా వేలాడనిచ్చి, పైబోల్టు నుంచి కిందిబోల్టుకి దూరం కొలవండి. మీ షాకప్ పూర్తిగా సాగినప్పుడు పొడవు దానికన్నా కనీసం 20 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. లేకపోతే గోతిలో చక్రం దిగినప్పుడల్లా దాన్ని ఆపేది షాకప్పే, కొన్నాళ్లకి ఊడి చేతికొస్తుంది. అలాగే యాక్సిల్ బంప్ స్టాపుకి తగిలే దాకా లేపి కూడా కొలవండి. షాకప్ పూర్తిగా ముడుచుకున్న పొడవు దానికన్నా తక్కువ ఉండాలి. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి, మోడల్ పేరు చెప్పి అడగకండి. నాకు ముందువి సరిపోయాయి, వెనక రెండే మార్చాను.

చక్రం వేలాడుతున్నప్పుడే బ్రేకు గొట్టం చూడండి. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పించి, ఎక్కడా తీగలా బిగుసుకోకుండా వంపు మిగిలి ఉందో లేదో చూడండి. బిగుసుకుంటే మంచి కంపెనీ పొడుగు గొట్టం వేయించి, బ్రేకు నూనెలోంచి గాలి తీయించాలి. మధ్యలో ముక్క అతికించే ఆలోచన రానివ్వకండి. ఛాసిస్ నుంచి వెనక యాక్సిల్‌కి బ్రేకు వాల్వు రాడ్డు ఉన్న బండి అయితే, బండి లేచాక ఆ వాల్వు ఎప్పుడూ ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. దాన్ని సరిచేయించండి.

బండి లేచాక స్టీరింగ్ చక్రం తిన్నగా ఉండదు, రాడ్డు కోణం మారుతుంది కదా. రాడ్డు లాక్ నట్లు వదులు చేసి తిప్పి, మధ్యకి తెచ్చి, మళ్లీ లాక్ చేయాలి. చక్రాన్ని పీకి తిన్నగా పెట్టేసే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. అలా చేస్తే స్టీరింగ్ బాక్సు మధ్యలో ఉండదు, ఒక వైపు ఎక్కువ తిరిగి ఇంకో వైపు తక్కువ తిరుగుతుంది. హెడ్‌లైట్లు కూడా కిందకి వంచండి, ఎదురొచ్చేవాళ్లు తిట్టుకోకముందే.

ఖర్చు లెక్క నా నోటుబుక్కులోంచి: కొలిమి పని నాలుగు కట్టలకీ 4,800, అదనపు పట్టీలు రెండు, మార్చిన పట్టీ ఒకటి కలిపి 2,700, బుష్షులూ బోల్టులూ 2,300, యూ-బోల్టులు 1,600, వెనక షాకిళ్లు 1,200, షాకప్‌లు రెండు 3,400, ట్రక్కు ఆటో రానుపోను 700, టీలు, బజ్జీలు 300. మొత్తం 17,000. ముందు ఏడాది సమ్మెట పనికి పోసినది ఇందులో వేయలేదు, అది తలుచుకోవడం ఇష్టం లేదు.

వంద కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు మళ్లీ బిగించండి, ఐదు వందలకి ఇంకోసారి. నాకు మొదటిసారి ప్రతి నట్టూ పావు చుట్టు తిరిగింది, రెండోసారి రెండే కదిలాయి. మొదటి వారం ఘాట్ రోడ్లకి వెళ్లకుండా ఊరి చుట్టూనే తిప్పండి. వంపుల్లో ఇదివరకటి వేగంతో తిప్పితే బండి ఒరగడం కొత్తగా అనిపిస్తుంది. ఎత్తు పెరిగింది, వెడల్పు పెరగలేదు.

ఇప్పుడు వాగు ఒడ్డెక్కేటప్పుడు కొక్కెం నేలని తాకడం లేదు, మూడు బస్తాలు వేసినా బంప్ స్టాపు చప్పుడు లేదు. గుట్ట మీది రాయి మాత్రం ముందులాగే డిఫరెన్షియల్‌కి తగిలేది. కారణం పైన రాశాను, అది యాక్సిల్, టైరు మారితేనే లేస్తుంది. 215 టైర్లు నాలుగు కొనడానికి రేటు కూడా అడిగాను. ఆ తర్వాత మా పాలేరు, నేను గునపాలు పట్టుకుని వెళ్లి ఒక పూటలో ఆ రాయిని పెళ్లగించి పక్కకి దొర్లించాం.